పరగడుపు

బుర్మకాన్ అరచెయ్యి చాపింది. అందులో రెండు మాత్రలున్నాయి. ఒకటి చిన్నది, తెల్లది. రెండోది ఇటుక రంగులో లావుగా ఉంది, రక్తం పట్టడానికి.

"మింగు," అంది.

కోడలు మైరమ్ నీళ్లు మరుగుతున్న సమోవార్ పక్కన మోకాళ్ల మీద కూర్చునుంది. గుమ్మానికి దగ్గరగా, ఇంట్లో అందరికీ టీ పోసే మనిషి కూర్చునే చోటది. అత్తగారి చేతిలోంచి మాత్రలు రెండూ ఏరుకుని నోట్లో వేసుకుంది. తన కప్పెత్తి, పాలు కలిపిన టీ రెండు గుక్కలు తాగింది.

"నోరు తెరువు."

తెరిచింది.

"నాలుక పైకెత్తు."

ఎత్తింది. సంతలో గొర్రె పళ్లు పట్టి చూసే మనిషిలా బుర్మకాన్ కళ్లు చికిలించి లోపలంతా వెతికింది. ఏమీ కనపడలేదు. మాత్రల పెట్టెని మఖమల్ కోటు లోపలి జేబులో పెట్టుకుని, జేబు మీద ఒకసారి తట్టుకుని, రొట్టె ముక్క తుంచి మీగడలో ముంచింది.

ఎర్మెక్ తల్లి వైపూ చూడలేదు, పెళ్లాం వైపూ చూడలేదు. బొగ్గు లారీ తోలే మనిషి. ఎంత తోమినా గోళ్ల సందుల్లో నలుపు పోదు. ఆ వేళ్లతో చక్కెర గడ్డ విరగ్గొట్టడంలో మునిగిపోయాడు.

"వాడి కప్పు ఖాళీ అయింది," అంది బుర్మకాన్. "ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

మైరమ్ ఉలిక్కిపడి కప్పందుకుంది. ముందు పాలు, తర్వాత చిక్కటి డికాక్షన్, ఆపైన సమోవార్ నుంచి మరిగే నీళ్లు. ఇవన్నీ ఒకప్పుడు చూడకుండానే చేసేది. ఇప్పుడు పాలు పోశాక చెయ్యి గాల్లో ఆగిపోతోంది. పోశానా లేదా? కప్పులోకి తొంగి చూసుకోవాలి. పొయ్యికి ఇంత దగ్గరగా కూర్చుని, రెండు స్వెటర్ల మీద పొట్టేలు తోలు కోటు వేసుకున్నా వెన్నులో చలి వదలదు. మొహం ఉబ్బింది. కనుబొమల చివర్లు రాలిపోయాయి. గొంతు మగాడి గొంతులా బొంగురుపోయింది.

"చలికాలమంతా పడుకునే ఎలుగుబంటిని తెచ్చావురా నాకు కోడలిగా," అంది బుర్మకాన్ కొడుకుతో. "ఎలుగైనా ఎండ రాగానే లేస్తుంది."

"అమ్మా, ఇవాళ పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాను కదా."

"తీసుకెళ్లు. అక్కడి డాక్టరమ్మ కూడా ఆ మాటే అంటుంది. మాత్ర వేసుకునేవాళ్ల రక్తం ఇలా ఉండదని మన ఊరి డాక్టరు చెప్పలేదా?"

చెప్పాడు. పోయిన ఎండాకాలంలో రక్తం పరీక్ష కాగితం ముందు పెట్టుకుని, మైరమ్‌తో కాకుండా బుర్మకాన్‌తో చెప్పాడు. ఈ అమ్మాయి మందు పారేస్తోందేమో కాస్త కనిపెట్టి చూడండి, అని. అంతవరకూ మైరమ్ ఆవు పాలు పితకడానికి లేచినప్పుడు కుండలో నీళ్లతో మాత్ర మింగేది. కొన్ని రోజులు మర్చిపోయేది కూడా. ఆ రోజు సాయంత్రమే పెట్టె అత్తగారి జేబులోకి వెళ్లిపోయింది. పరగడుపున మందు మింగితే కడుపు మండుతుందని, టీ దగ్గర అందరి ముందూ మింగించడం మొదలుపెట్టింది బుర్మకాన్. మోతాదు రెండుసార్లు పెంచారు. బంగాళాదుంపలు తవ్వే రోజుల్లో మైరమ్‌కి నాలుగో నెల కడుపు పోయింది. రక్తం మాత్రం అలాగే ఉంది.

"మింగినట్టే మింగి పాకలోకి వెళ్లి కక్కేస్తోంది," అంటుంది బుర్మకాన్ ఇరుగుపొరుగుతో. "పిల్లలు వద్దు కాబోలు మహారాణికి."

శుక్రవారం బుర్మకాన్ అక్క ఉల్కాన్ వస్తోంది. ఎందుకొస్తోందో ఎవరూ పైకి అనలేదు. ఆరోగ్యం బాగుపడేదాకా పిల్లని కొన్నాళ్లు పుట్టింటికి పంపుదాం అన్న మాట మాత్రం ఇంట్లో రెండుసార్లు వినిపించింది. అలా కొన్నాళ్లకి వెళ్లిన కోడళ్లు ఆ ఊళ్లో ఇద్దరున్నారు. ఇద్దరూ తిరిగి రాలేదు.

*

పట్నంలో థైరాయిడ్ చూసే డాక్టరు దమీరాకి నలభై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి. గది చల్లగా ఉందని తెల్లకోటు మీద శాలువా కప్పుకుంది. మైరమ్ వెనక నిలబడి రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ వేసింది.

"గుటక వెయ్యి. ఊఁ. ఇంకోసారి."

ఆ వేళ్లు వెచ్చగా ఉన్నాయి. తన మెడని ఎవరైనా మెత్తగా ముట్టుకుని ఎన్నాళ్లయిందో మైరమ్‌కి గుర్తు రాలేదు.

డాక్టరు ముందుకొచ్చి కూర్చుని కాగితాలు తిరగేసింది. "ఏడాదిగా వాడుతున్నావు. మోతాదు పెంచారు, మళ్లీ పెంచారు. గుర్రానికి సరిపోయేంత ఇస్తున్నారు. రక్తంలో మాత్రం నీ థైరాయిడ్ నిద్రపోతూనే ఉంది. నిజం చెప్పు, నేనెవరికీ చెప్పను. వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నానండీ. మా అత్తయ్య నోట్లో చూస్తుంది కూడా."

"నోట్లోనా?"

"నాలుక కింద కూడా."

దమీరా నవ్వబోయి, ఆ పిల్ల మొహం చూసి ఆపేసింది. "సరే. ఎప్పుడు వేసుకుంటావు?"

"పొద్దున్న టీ అప్పుడు."

"దేంతో మింగుతావు?"

"టీతోనే."

"పాల టీయా?"

మైరమ్‌కి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఇంకేం టీ ఉంటుందండీ?"

దమీరా కలం కింద పెట్టింది. "ఈ రక్తం మాత్ర? ఇదెప్పుడు?"

"రెండూ కలిపే. ఒకే గుక్కలో."

 డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుని, వేలితో బల్ల మీద తెల్ల మాత్రంత సున్నా చుట్టింది.

"చూడమ్మా. ఈ మాత్రకి పాలు పడవు. ఎర్ర మాత్ర అసలే పడదు. కడుపులో అవి రెండూ దీన్ని పట్టేసుకుంటాయి, రక్తంలోకి పోనివ్వవు. నువ్వు మింగుతున్నావు, కానీ ఒంటికి పట్టేది చాలా తక్కువ. మోతాదు పెంచితే ఏం లాభం? నేను పెంచను. లేవగానే పరగడుపున, ఉత్త నీళ్లతో వేసుకో. గంటదాకా ఇంకేమీ ముట్టుకోకు. ఎర్ర మాత్ర మధ్యాహ్నం తిన్నాక. ఇలా ఆరు వారాలు వాడి రా, రక్తం చూద్దాం. అంతదాకా కడుపు రాకుండా చూసుకోండి. గుండె దడగా ఉంటే మాత్రం ఆగకు, వెంటనే వచ్చెయ్."

"గంటాండీ?"

"గంటే."

"మా ఇంట్లో టీ పోసేది నేనేనండీ."

"పోసిపెట్టు. నువ్వు తాగకు."

మైరమ్ తల దించుకుంది. డాక్టరు ఆమె తలగుడ్డ వైపు, చలికి పగిలిన వేళ్ల వైపు చూసింది. "నాకూ అత్తగారుంది," అంది గొంతు తగ్గించి. "అంత తేలిక కాదని తెలుసు. కానీ ఈ గంట నీకు ఎవరూ తెచ్చివ్వరు."

మెట్లు దిగుతూ మైరమ్ గోడ పట్టుకుని నిలబడింది. ఏడుపు వచ్చింది, కానీ అది ఎప్పుడూ వచ్చే ఏడుపులా లేదు. ఇన్నాళ్లూ అందరూ అంటుంటే, తను నిజంగానే ఏదో తప్పు చేస్తోందేమో, తనకే తెలియకుండా ఎక్కడో మాత్ర పారేస్తోందేమో అని కూడా అనుకుంది. ఏమీ గుర్తుండని బుర్ర కదా, ఏది నమ్మాలో తెలిసేది కాదు. ఇప్పుడు ఒకటి మాత్రం గట్టిగా తెలిసింది. తను అబద్ధాలకోరు కాదు.

లారీలో ఎర్మెక్‌కి అంతా చెప్పింది. మాటలు వెతుక్కుంటూ, మధ్యలో ఆగి, మొదటికొచ్చి మళ్లీ చెప్పింది. అతను రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా విన్నాడు. మలుపులో మంచు గడ్డకట్టి ఉంటే వేగం తగ్గించాడు.

"అయితే నిజంగానే మింగుతున్నావన్నమాట," అన్నాడు.

మైరమ్ అతని వైపు తిరిగింది. "నువ్వు కూడా అనుకున్నావా?"

అతను గేరు మార్చాడు.  చాలా దూరం పోయాక, "అమ్మతో నువ్వే చెప్పు," అన్నాడు.

"నేను చెప్తే వింటుందా?"

"సరే, నేనే చెప్తాలే."

*

అతను చెప్పాడు. కానీ బూట్లు విప్పుకుంటూ, మొహం పక్కకి తిప్పుకుని చెప్పాడు. డాక్టరు టీతో వెయ్యొద్దందట, నీళ్లతో వెయ్యాలట, అని రెండు ముక్కల్లో తేల్చేశాడు.

బుర్మకాన్ పిండి పిసుకుతోంది. చేతులు ఆగాయి.

"నా టీకేమొచ్చింది?"

"నీ టీ అని కాదమ్మా. పాలు..."

"పాలకేమొచ్చింది? ఆ పాలు తాగే నువ్వు ఇంతయ్యావు. మీ నాన్న చచ్చిపోయే రోజు కూడా ఆ టీయే అడిగాడు. ఇప్పుడా టీ విషమైందా?"

"విషమని కాదు అత్తయ్యా," అంది మైరమ్. "ఆ మాత్రని పాలు పట్టేసుకుంటాయట. ఒంటికి పట్టనివ్వవట. అందుకే ఇన్నాళ్లూ..."

"ఇన్నాళ్లూ?" బుర్మకాన్ తిరిగి చూసింది. ఆ చూపులో కోపమే కాక ఇంకేదో కూడా ఉంది. మైరమ్‌కి అదేమిటో తెలియలేదు. "ఇన్నాళ్లూ ఏమిటి? చెప్పు."

మైరమ్ వంగి ఎర్మెక్ విప్పిన బూట్లు గోడ వారకి సర్దింది.

"పట్నం డాక్టర్లకేం తెలుసు? ఖాళీ కడుపులో మందు పడితే పేగులు పుండవుతాయి. ఇన్నాళ్లూ ఎలా మింగావో అలాగే మింగు. మాత్రలు నా దగ్గరే ఉంటాయి. మళ్లీ ఈ మాట నా ముందు ఎత్తకండి, ఇద్దరికీ చెప్తున్నాను." పిండి ముద్దని ఎత్తి చెక్క మీద కొట్టింది. పిండి చుట్టూ లేచింది.

మర్నాడు పొద్దున్న మళ్లీ అరచెయ్యి చాపింది. మళ్లీ రెండు మాత్రలు. మైరమ్ ఎర్ర మాత్ర మింగింది. తెల్లదాన్ని నోట్లో వేసుకున్నట్టే చేసి వేళ్ల సందులో ఉంచుకుంది. నోరు తెరిచింది, నాలుక ఎత్తింది. చెయ్యి కిందికి దించి మాత్రని స్వెటర్ చేతి మడతలోకి తోసింది.  ఎండాకాలం నుంచీ చెయ్యని తప్పుకి నిందలు మోసింది. ఇప్పుడు ఆ తప్పే చేస్తోంది, మందు వేసుకోవడం కోసం.

ఆ మర్నాడు తెల్లవారకముందే పాకలోకి వెళ్లింది. బకెట్ బోర్లించి కూర్చుని, తలగుడ్డ కొంగులో దాచిన మాత్రని విప్పింది. వెంట తెచ్చుకున్న సీసాలో నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. మింగింది. ఆవు తల తిప్పి చూసి నెమరు వేసుకుంది. మైరమ్ దాని పొదుగు కడిగి, వేళ్లకి వెన్న రాసుకుని పితకడం మొదలుపెట్టింది. పాలు డబ్బా అడుగున టంగుటంగుమని పడ్డాయి. ఒక్క మాత్రతో ఏమీ కాదని తెలుసు. అయినా ఆ చీకట్లో, పేడ వాసనలో, ఆ కాసేపూ తన ఒంటికి తను ఏదో చేసుకుంటున్నట్టు అనిపించింది. పాలు పితికి, ఆవుని తుడిచి, పేడ ఎత్తి, పిడకలు మోసుకొచ్చి పొయ్యి రాజేసేసరికి గంట దానంతటదే గడిచిపోయింది. ఈ గంట ఇంట్లో రోజూ ఉంది. మాత్ర చేతిలో ఉంటే చాలు.

ఆ పొద్దున్న కూడా తెల్ల మాత్ర స్వెటర్ మడతలోకి వెళ్లింది.

*

ఉల్కాన్ శుక్రవారం వస్తానన్న మనిషి గురువారం సాయంత్రమే దిగింది. చెల్లెలికంటే లావు, చెల్లెలికంటే పెద్ద గొంతు. వచ్చీరాగానే గడపలో బూట్లు విప్పుతూ, "ఏదీ, మీ నిద్రమొహం కోడలు లేచే ఉందా?" అంది.

శుక్రవారం చీకటితోనే వంట హడావిడిలో పడి మైరమ్ కొంగులో దాచిన మాత్ర సంగతి మర్చిపోయింది. పొద్దున్న నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి, నూనెలో వేయించిన బోర్సోక్ పిండి ముక్కలు కుప్పగా పోశారు. మీగడ, నేరేడు జామ్, పొరల రొట్టె అన్నీ వచ్చాయి. ఉల్కాన్ గుమ్మానికి దూరంగా, పెద్దవాళ్లు కూర్చునే చోట రెండు పరుపులేసుకుని కూర్చుంది.

"మా చిన్న కోడలు ఈ పాటికి ఆవు పాలు పితికి, ఇల్లూడ్చి, పిండి పిసికి, ఇద్దరు పిల్లల్ని కూడా కనేసుండేది," అంది. "నీ కోడలు చూడు, కప్పు అందించడానికే వారం పట్టేట్టుంది."

ఎర్మెక్ చిన్నగా దగ్గాడు. బుర్మకాన్ ఏమీ అనకుండా పెట్టె తీసి మాత్రలు కోడలి చేతిలో పెట్టింది. అక్క ముందు ఈ తంతు చేస్తున్నందుకు ఆమె మొహంలో కాస్త గర్వం కూడా ఉంది.

మైరమ్ నోరు తెరిచింది, నాలుక ఎత్తింది. అయిపోయింది. తర్వాత ఉల్కాన్ కప్పు నింపి రెండు చేతులా అందించబోయింది. చెయ్యి చాపగానే స్వెటర్ మడత వదులైంది. తెల్ల మాత్ర జారి, బోర్సోక్ కుప్ప మీద పడి, దొర్లి, సరిగ్గా ఉల్కాన్ మోకాలి దగ్గర ఆగింది.



"ఇదేంటి?" అంది ఉల్కాన్. రెండు వేళ్లతో ఎత్తి దీపానికి ఎదురుగా పట్టుకుంది. "చూశావా బుర్మకాన్! నీ కళ్ల ముందే! ఎండాకాలం నుంచీ నువ్వు చెప్తుంటే నేను సగమే నమ్మాను. అల్లా, ఎంతకి తెగించింది! ఎర్మెక్, నీ పెళ్లాం బట్టలు సర్దించు. ఇవాళే దింపేసి రా."

బుర్మకాన్ మొహం పాలిపోయింది. "అయితే నిజంగానే పారేస్తున్నావు," అంది నెమ్మదిగా. ఆమె గొంతులో కోపం కంటే ఊరట ఎక్కువ వినిపించింది. ఏదో పెద్ద బరువు దిగినట్టు అంది ఆ మాట.

మైరమ్ చెయ్యి చాపింది. "పెద్దమ్మా, ఇలా ఇవ్వండి."

ఆ బొంగురు గొంతు అంత గట్టిగా వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఉల్కాన్ తనకే తెలియకుండా ఇచ్చేసింది.

మైరమ్ లేచి గుమ్మం పక్కనున్న బకెట్ దగ్గరికి వెళ్లింది. పైన కట్టిన పలచటి మంచు పొరని గరిటెతో పగలగొట్టి, నీళ్లు ముంచుకుని, అందరూ చూస్తుండగా మాత్ర మింగింది. తిరిగొచ్చి సమోవార్ పక్కన కూర్చుంది. ఉల్కాన్‌కి, అత్తగారికి, మొగుడికి వరసగా టీ పోసింది. తన కప్పు మీద మాత్రం అరచెయ్యి బోర్లించింది.

"పారెయ్యడానికి దాచలేదు," అంది. "రేపు పొద్దున్న నీళ్లతో వేసుకుందామని దాచాను. నిన్న అలాగే వేసుకున్నాను. పాలతో వేసుకుంటే పని చెయ్యదని డాక్టరు చెప్పింది. నేను చెప్తే ఎవరూ వినలేదు. టీ పోస్తాను, అన్నీ చేస్తాను. గంటదాకా నేను తాగను."

"చాల్లే!" అంది ఉల్కాన్. "పెద్దవాళ్లకి టీ పోసి తను తాగకుండా కూర్చుంటుందా? ఏం కలిపిందనుకోవాలి మేం? ఏరా, చూస్తూ కూర్చున్నావేం?"

ఎర్మెక్ చేతిలో చక్కెర గడ్డ ఉంది. దాన్ని పళ్లెంలో పెట్టేశాడు. "గంటే కదా పెద్దమ్మా," అన్నాడు. "తర్వాత తాగుతుంది. ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు అలాగే చెప్పింది." తలెత్తకుండానే, "ఎక్కడికీ దింపి రాను," అన్నాడు.

ఆ తర్వాత టీ సరిగ్గా సాగలేదు. ఉల్కాన్ రెండో కప్పుకే ఇక చాలని చేత్తో మూసేసింది. ఈ ఇంట్లో చిన్నా పెద్దా పోయిందని, ఇలాంటి చోట నిద్ర కూడా పట్టదని అంటూ కోటు తొడుక్కుంది. ఎర్మెక్ ఆవిడ సంచి పట్టుకుని లారీ దగ్గరికి నడిచాడు. బుర్మకాన్ గడప దాకా వెళ్లి, అక్కని ఆపకుండా, వెనక్కొచ్చి కూర్చుంది.

ఇద్దరే మిగిలారు. మైరమ్ బోర్సోక్ ముక్కల్ని సంచిలోకి ఎత్తింది, జామ్ గిన్నెలకి మూతలు పెట్టింది. బుర్మకాన్ తన కప్పులోకే చూస్తోంది. టీ మీద పాల తొరక కట్టింది. తాగలేదు.

"నువ్వు ముందర నీళ్లతోనే మింగేదానివి," అంది ఉన్నట్టుండి.

మైరమ్ చేతులు ఆగాయి.

"పాకలోకి వెళ్లేటప్పుడు. కుండలో ముంచుకుని. నేను చూసేదాన్ని. టీతో మింగమన్నది నేనే." వేళ్లతో దస్తర్‌ఖాన్ అంచు మడిచింది, విప్పింది. "ఆ డాక్టరు... బిడ్డ సంగతేమైనా అందా?"

"ఏ సంగతి అత్తయ్యా?"

"తెలీనట్టు అడక్కు." బుర్మకాన్ గొంతు చిట్లింది. "ఒంటికి మందు పట్టకపోతే కడుపు నిలబడదని ఊరి డాక్టరే అన్నాడు అప్పుడు. నువ్వు పారేస్తున్నావు కాబట్టే పోయిందనుకున్నాను. ఈ నోటితో ఎంతమందికి చెప్పాను! ఇప్పుడు నువ్వు మింగుతూనే ఉన్నావంటే..."

 చెక్క మీద పిండి కొట్టిన రోజు ఆ చూపులో ఉన్నదేమిటో మైరమ్‌కి ఇప్పుడు తెలిసింది. అది భయం. కోడలు అబద్ధాలకోరు అయితేనే బుర్మకాన్‌కి నిద్ర పడుతుంది. ఇందాక మాత్ర దొర్లినప్పుడు ఆ మొహంలో కనిపించిన ఊరట కూడా అదే.

ఆ ఆలోచన మైరమ్‌కి రాకపోలేదు. లారీలో తిరిగొస్తున్నప్పుడే వచ్చింది. రోజూ పొద్దున్నే తన నోట్లో మందుని, ఆ మందుని మింగేసే పాలనీ కలిపి పోయించింది అత్తగారే కదా అని. ఆ ఒక్క మాట ఇప్పుడు అంటే చాలు. ఇన్నాళ్లూ ఇంటింటా పంచిన మాటలన్నీ తిరిగి వెళ్లి ఈ ముసలిదాని మీదే పడతాయి. గొంతు దాకా వచ్చింది.

"నేనడగలేదు," అంది.

"అడక్కు."

సమోవార్‌లో బొగ్గులు చిటపటలాడి ఊరుకున్నాయి. బుర్మకాన్ జేబులోంచి పెట్టె తీసింది. కోడలి వైపు సగం దూరం జరిపింది కానీ చెయ్యి దాని మీంచి తియ్యలేదు.

"రేపట్నుంచి లేవగానే నన్ను లేపు. నీళ్లతో నేనే ఇస్తాను. ఎర్రది మధ్యాహ్నం." పెట్టె మళ్లీ జేబులోకి వెళ్లింది. తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండా, "పోనీ, అడుగు," అంది. "ఈసారి వెళ్లినప్పుడు అడుగు."

*

ఆరు వారాలూ బుర్మకాన్ చీకటితోనే లేచింది. పాక గుమ్మంలో నిలబడి మాత్ర ఇచ్చేది, నీళ్ల కప్పు ఇచ్చేది, మింగిందో లేదో చూసి వెళ్లేది. మాటల్లో పెద్ద మార్పేమీ రాలేదు. పొయ్యి పొగ వస్తే కోడలిదే తప్పు, ఆవు తక్కువ పాలిస్తే కోడలిదే తప్పు. ఎక్కడికైనా వెళ్లాలంటే అడిగే వెళ్లాలి. కానీ టీ దగ్గర మైరమ్ కప్పు ఖాళీగా ఉన్నంతసేపూ ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఎవరైనా పొరుగింటామె వచ్చి అడిగితే, "దానికి మందు గంట ఉందిలే," అనేది బుర్మకాన్ విసుగ్గా.

మంచు కరిగి ఊరి దారంతా బురదైన రోజుల్లో, ఒక పొద్దున్న పాలు పితుకుతూ మైరమ్ తోలు కోటు విప్పి పక్కన పెట్టింది. చాలాసేపటికి గాని తను ఆ పని చేసినట్టు గమనించలేదు. కోటు వైపు చూస్తూ కూర్చుంది. ఉక్క పోసింది తనకి! ఇంకో రోజు ఆకలితో మెలకువ వచ్చింది. వాగు గట్టున గొర్రెపిల్ల తప్పిపోతే వెతుక్కుంటూ కొండ సగం ఎక్కేసి, ఊపిరి తీసుకోవడానికి ఆగి, ఇంత దూరం ఎలా వచ్చానా అనుకుంది.

పట్నానికి ఈసారి బుర్మకాన్ తనూ వస్తానంది. ఎర్మెక్ బొగ్గు లోడుకి వెళ్లాడు. ఇద్దరూ చిన్న బస్సులో వెళ్లారు. డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని, "నువ్వెళ్లు, నాకు ఆ వాసన పడదు," అంది బుర్మకాన్.

దమీరా కాగితం చూసి కళ్లజోడు తీసింది. "చూశావా? ఏడాదిలో దిగని థైరాయిడ్ అంకె ఆరు వారాల్లో దిగింది. ఇంకా కొంచెం ఉంది. ఇలాగే కానియ్, మందు మానొద్దు. ఇది బతికున్నన్నాళ్లూ వేసుకోవాల్సిందే. తెలుసుగా?"

"తెలుసండీ."

"నోట్లో ఇంకా చూస్తోందా?"

"చూస్తోందండీ. నీళ్లు కూడా ఆవిడే ఇస్తోంది."

దమీరా నవ్వింది. మందు చీటీ రాసి ఇచ్చింది. మైరమ్ లేచింది, నిలబడింది, వెళ్లలేదు.

"ఇంకేమైనా అడగాలా?"

అడిగింది. తలుపు వేసి ఉందో లేదో ఒకసారి చూసుకుని, కడుపు పోయిన సంగతి నెమ్మదిగా అడిగింది.

 "దానివల్ల అయ్యుండొచ్చు," అంది దమీరా. "కాకపోనూవచ్చు. ఏ లోపం లేనివాళ్లకీ పోతుంటుంది. ఇదే కారణమనీ, ఇది కానే కాదనీ ఎవరూ చెప్పలేరమ్మా. నేను చెప్తే అబద్ధమవుతుంది."

మైరమ్ బయటికొచ్చింది. బుర్మకాన్ బల్ల చివర నిటారుగా కూర్చుని, ఒళ్లో సంచి రెండు చేతులా పట్టుకుని ఉంది. రక్తం ఎలా ఉందని అడగలేదు. కోడలి మొహం వైపు చూసి, వెంటనే నేల వైపు చూసింది.

"బాగా దిగిందట," అంది మైరమ్.

"ఊఁ."

"అది కూడా అడిగాను."

సంచి మీద వేళ్లు బిగుసుకున్నాయి.

"దానివల్ల కాదంది."

"డాక్టరే అందా?"

"డాక్టరే. కచ్చితంగా కాదంది."

 బుర్మకాన్ తలగుడ్డ సరిచేసుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "మరి బస్సు పోదూ, ఏంటా నిలబడ్డం," అని ముందు నడిచింది.

బస్సు పట్నం దాటి కనుమ ఎక్కడం మొదలుపెట్టగానే బుర్మకాన్ నిద్రపోయింది. ఎన్నాళ్లుగానో నిద్ర లేని మనిషిలా, నోరు తెరుచుకుని, తల కోడలి భుజం మీదికి వాల్చి పడుకుంది. మైరమ్ కుదుపులకి ఆ తల జారకుండా భుజం బిగపట్టుకుంది. కిటికీ అవతల కరుగుతున్న మంచు కింద నల్లగా నేల బయటపడుతోంది.

మైరమ్‌కి మాత్రం ఇల్లు చేరేదాకా కునుకు పట్టలేదు.